హాజరుపట్టీలో మా వదినె పేరు పక్కన

ఉద్యమం నడిచిన ఆ రోజుల్లో మా జనగామలో ప్రతి పనికీ ఒకటే ముహూర్తం ఉండేది. తెలంగాణ వచ్చినంక. మా వీధిలో మురుగు మోరీ ఎప్పుడు బాగవుతుందంటే తెలంగాణ వచ్చినంక. పక్కింటాయన సగంలో ఆపిన గోడ ఎప్పుడు లేపుతాడంటే తెలంగాణ వచ్చినంక. పన్ను నొప్పితో మూలిగే మా ఆయనను డాక్టరు దగ్గరికి పొమ్మంటే దవడ పట్టుకుని, "తెలంగాణ రానీ, పీకిచ్చుకుంట" అన్నాడు. రాష్ట్రం రావడానికీ పన్ను ఊడడానికీ ఏమిటి సంబంధమని అడిగితే, ఉద్యమ ద్రోహిని చూసినట్టు చూశాడు.

నేను ద్రోహిని కాను. చౌరస్తాలో వేసిన రిలే నిరాహార దీక్ష శిబిరంలో ఆడవాళ్ల హాజరుపట్టీ రాసింది నేనే. రోజుకు పదిమంది వంతున కూర్చోవాలి. పొద్దున మెడలో దండ వేసుకుని కూర్చుంటే సాయంత్రం నిమ్మరసం తాగి లేవాలి. ఎవరి వంతు ఏ రోజో రాయడం, రానివాళ్ల పేరు పక్కన కారణం రాయడం నా పని. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేదాన్ని కాబట్టి హాజరు తీసుకోవడమైనా వచ్చి ఉంటుందని అందరి నమ్మకం. సమ్మెలో కాలేజీ మూతపడింది గనుక ఎవరినో ఒకరిని గదమాయించకపోతే నాకూ పొద్దు గడవడం లేదు.

కారణాలు రకరకాలుగా వచ్చేవి. చుట్టాలొచ్చారు. పత్తి ఏరేది ఉంది. అత్త వద్దంది. వీటన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే కారణం ఒకటుంది: "దూరం". అంటే నెలసరి, దూరంగా కూర్చుంది అని. శిబిరంలో తెలంగాణ తల్లి పటం పెట్టి దీపం వెలిగించేవాళ్లం. దీపం ఉన్నచోట దూరమున్నవాళ్లు కూర్చోకూడదని మా ఆడవాళ్లే తీర్మానం చేశారు. ఏ మగవాడూ అడగలేదు. ఏ నాయకుడూ ఆదేశించలేదు. మా నిర్ణయాలు మేమే చేసుకుంటామని పొద్దంతా మైకులో అరిచినవాళ్లం, మాకు మేముగా చేసుకున్న మొట్టమొదటి నిర్ణయం ఇది.

నేను కొట్లాడాను. "ఆ తల్లి ఆడది కాదా? ఆమెకు రాదా?" అన్నాను.

"నోరు మూస్తవా లేదా? కండ్లు పోతయ్" అని నన్ను గద్దించింది మా వదినె.

వదినె అంటే మా ఆయన అక్క. యాభై మూడేళ్లు. భర్త బొగ్గుబాయిలో పనిచేసేవాడు, పోయి పదేళ్లు. ఒక్కతే కూతురు, భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడి భార్య, కంపెనీ క్వార్టర్లో ఉంటుంది. వదినె మాత్రం జనగామలోనే, మా ఇంటికి రెండు సందుల అవతల ఉండేది. ఆమె గొంతుకు మైకు అక్కర్లేదు. బతుకమ్మ పాట ఎత్తుకుంటే బస్టాండులో బస్సు దిగి వచ్చి చూసేవాళ్లు. హైవే మీద వంటావార్పూ పెట్టినప్పుడు రెండు వందల మందికి పప్పుచారు ఆమే కాచింది. అంతమందికి ఉప్పు ఎంత వేయాలో ఎలా తెలుసని అడిగితే, "కోపాన్ని బట్టి" అంది. నన్ను తిట్టే హక్కు మా అత్తగారి నుంచి ఆమెకు వారసత్వంగా వచ్చింది. దాన్ని ఒక్కరోజు కూడా వృథా చేయలేదు.

ఇక అసలు సంగతి. ఒకరోజు వాన పడి టెంటు కారి నా హాజరుపట్టీ నానిపోయింది. కొత్త నోటుబుక్కులోకి ఎక్కించుకుందామని ఇంట్లో కూర్చున్నాను. పేర్లు రాసుకుంటూ పోతుంటే వదినె పేరు దగ్గర పెన్ను ఆగింది. పక్కన "దూరం". రెండు పేజీలు తిప్పితే మళ్లీ "దూరం". ఇంకో పేజీ తర్వాత మళ్లీ. ఐదు వారాల్లో మూడుసార్లు.

మా వదినెకు ముట్టు నిలిచి ఎనిమిదేళ్లయింది. నిలిచినప్పుడు మా ఇంట్లో చేసిన హడావిడి నాకు బాగా గుర్తు. ఇక ఏ పండుగకూ అడ్డం లేదు, ఏ గుడికైనా ఎప్పుడైనా పోవచ్చని ఆ ఏడే కాళేశ్వరం పోయి గోదావరిలో మునిగి వచ్చింది. అలాంటి మనిషి పేరు పక్కన మూడుసార్లు ఆ మాట రాసింది ఎవరు? నేను. ఎమ్మెస్సీ జువాలజీ.

నా చదువు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, దాచిపెట్టి లాభం లేదు. మానవ ప్రత్యుత్పత్తి వ్యవస్థ పాఠం వచ్చినప్పుడల్లా క్లాసులో మగపిల్లలు నవ్వుతారని, "ఇది మీరు ఇంట్లో చదువుకోండి" అని పేజీలు తిప్పేసేదాన్ని. వానపాము ప్రత్యుత్పత్తి మాత్రం బోర్డు నిండా బొమ్మ గీసి, రంగు సుద్దలు వాడి మరీ చెప్పాను. వానపాముకు సిగ్గు లేదు, నాకూ ఇబ్బంది లేదు.

వెంటనే వదినె ఇంటికి పోయాను. వెనుక వరండాలో గోనెసంచి మీద కూర్చుని చింతపండు గింజ తీస్తోంది. పక్కన విడిగా చెంబు, విడిగా పళ్లెం. అంటే ఆ రోజు కూడా దూరమే.

"ఏం మరదలా, దూరమున్న. ఆడనే నిలబడు."

"వదినె, నీకు నిలిచి ఎనిమిదేండ్లాయె గదా. మళ్ల దూరమేంది?"

"నాకేం ఎరుక? ఊరేగింపుల ఎండకు తిరిగి తిరిగి వేడి చేసింది. పక్కింటవ్వ నీకు మళ్ల వయసొచ్చిందే అన్నది." నవ్వింది. నేను నవ్వలేదు.

"తెల్లబట్ట అయితదా?"

"నీకెందుకే గవన్ని?"

"అయితదా, కాదా?"

"అయితది. నీళ్లోలె అయితది. ఒక్కోసారి ఎర్ర జీర. వాసన గూడ..." చింతపండు వైపు తల దించుకుంది. "పోవే, గివన్ని మాట్లాడుకునేటియా?"

"నడుము నొప్పి? పొత్తికడుపుల?"

"నడుము నొప్పి లేని ఆడిది జనగామల ఉంటే పట్టుకరా, సన్మానం చేద్దాం."

అప్పుడు నాకు ఆ గోనెసంచి అర్థమైంది. "దూరం" అనే ఆ మాటలో ఏ రక్తమైనా ఇముడుతుంది. మూడు రోజులు పక్కన కూర్చో, నాలుగో రోజు తలకు పోసుకో, అయిపోయింది. రక్తం ఎందుకు వచ్చిందని ఎవరూ అడగరు. నిన్ను మళ్లీ ఎప్పుడు ముట్టుకోవచ్చో మాత్రం అందరూ అడుగుతారు. మా వదినె మూడుసార్లు పక్కన కూర్చుంది, మూడుసార్లు తలకు పోసుకుంది, మూడుసార్లు శుద్ధి అయింది. లోపల ఉన్నదానికి మాత్రం ఎవరూ తలంటు పోయలేదు.

"రేపు దవాఖానకు పోదాం" అన్నాను.

"తెలంగాణ వచ్చినంక పోదాం."

"తెలంగాణకు నీ గర్భసంచి అడ్డమొచ్చిందా?"

"సమ్మె నడిమిట్ల నేను మంచం పడితే జనం ఏమనుకుంటరు? అయినా డాక్టరుకు చూపిచ్చుకున్న."

డాక్టరంటే మా వాడకట్టు ఆర్‌ఎంపీ. జ్వరానికీ, మోకాళ్లకూ, దిష్టికీ ఒకటే సూది వేసే మనిషి. ఆయన కూడా ఉద్యమకారుడే. మరునాడు మగవాళ్ల టెంటులో దీక్షకు కూర్చున్నప్పుడు పట్టుకున్నాను.

"మా వదినెకు ఏం చెప్పినవ్?"

"ఏమున్నది మేడం. పిల్లలు పుట్టేదున్నదా ఏమన్ననా? గర్భసంచి తీసి పారేస్తే లొల్లే ఉండదన్న. నాకు ఎరుకున్న నర్సింగ్ హోమ్ ఉన్నది. సమ్మె అయినంక తీపిద్దాం."

"ఏం పరీక్ష చేసినవ్?"

"పరీక్ష ఎందుకు మేడం? రక్తం వస్తున్నది గదా."

"చూసినవా?"

ఆయన కండువా సర్దుకున్నాడు. "ఆడమనిషిని నేనెట్ల చూస్త మేడం?"

"చూసుడు మర్యాద కాదు. చూడకుంట తీసి పారేసుడు మర్యాద."

నలుగురూ నవ్వారు గానీ మా వాడకట్టులో అది నవ్వే సంగతి కాదు. నలభై దాటకముందే గర్భసంచి తీయించుకున్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టబోతే వేళ్లు చాలవు. పాత మోటారు బాయిలోంచి పీకినట్టు పీకేవాళ్లు. ఏం రోగమని అడిగితే "సంచి చెడిపోయింది" అనే ఒకే జవాబు.

వదినె మాత్రం ఆర్‌ఎంపీ మాట మీదే నిలబడింది. సమ్మె అయ్యాక తీయిస్తాడట, అప్పటిదాకా గోళీలట. నేను ఇంట్లో అరిచాను, టెంటులో అరిచాను, బతిమాలాను. నా మీద విసుగుతో నాలుగో రోజు ఆమె తలంటు పోసుకుని నిండుగా బొట్టు పెట్టుకుని దీక్షకు వచ్చి కూర్చుంది. ఆ రోజు నర్మెట్ట వైపు తండా నుంచి వచ్చిన లంబాడీ ఆడవాళ్ల వంతు. మా గుసగుస కొట్లాట వాళ్లలో ఒకామె చెవిన పడింది. కూరగాయలు అమ్మడానికి జనగామ వచ్చే మనిషి, నాకు ముఖపరిచయం ఉంది. ఆమె జరిగి వదినె పక్కన కూర్చుంది.

"అక్కా, మా అత్తకు గిట్లనే అయింది. అన్నీ ఆగినంక మళ్ల మొదలైంది. ఎవ్వలికి చెప్పలే. వాసనొస్తున్నదని మా మామ మంచం బయటేసిండు. వానల గూడ బయటనే. మేం గూడ ముసల్దానికి శుభ్రం లేదనుకున్నం."

"దవాఖానకు తీసుకపోలేదా?" అంది వదినె.

"తీసుకపోయినం, కాళ్లు వాచినంక. మొదలే తెస్తే బతికేదన్నరు. గప్పుడడిగిన, మొదలే ఎందుకు చెప్పలేదే యాడీ, అమ్మా, అని. ఎవ్వలన్న అడిగితే చెప్తును గదా అన్నది." కొంగుతో మూతి తుడుచుకుంది. "నిన్ను అడిగేటోళ్లు ఉన్నరు అక్కా. మేడం నోరు మంచిది కాదు గని, అడుగుతున్నది."

పాట ఎత్తుకోమని ఎవరో మైకు తెస్తే వదినె మొదటిసారి వద్దని చెయ్యి ఊపింది. సాయంత్రం నిమ్మరసం గ్లాసు నా చేతికిచ్చి, "జనగామల వద్దు. అందరికీ ఎరుకైతది. మీ తల్లిగారి ఊరుకు పోదాం" అంది.

మా పుట్టిల్లు మహబూబాబాద్. అమ్మకు బాగాలేదని ఇంట్లో చెప్పాం. మా అమ్మ నిక్షేపంగా ఉంది, ఆ మాట విని ఉంటే నన్ను చెప్పుతో కొట్టేది. మేం బయల్దేరిన రోజు రైళ్లు నడుస్తున్నాయి గానీ రోడ్ల మీద బంద్. స్టేషన్‌కు పోయే ఆటోను మా సొంత శిబిరం ముందే, మా సొంత మనుషులే ఆపారు.

"అక్కా, నువ్వే బంద్‌ల ఆటో ఎక్కితే ఎట్ల?"

వదినె ముఖం మాడిపోయింది. నిజం చెప్పొద్దూ, నిన్నటిదాకా ఆటోల గాలి తీయించింది ఆమే. దిగి వెనక్కి పోబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపి, తల బయటపెట్టి మూడే ముక్కలు అన్నాను: "ఆడోళ్ల దవాఖాన పని."

అంతే. పోలీసులు నెలరోజులుగా కదిలించలేని ఉద్యమ సైన్యం ఒక్క క్షణంలో రోడ్డుకు రెండు పక్కలా చీలిపోయింది. ఒక్కడు కూడా నా కళ్లలోకి చూడలేదు. ఒకాయన ఆకాశం వైపు చూశాడు.

మహబూబాబాద్ దవాఖానలో లేడీ డాక్టరు నల్ల బ్యాడ్జీ పెట్టుకుని ఓపీ చూస్తోంది. మాట కటువు, చెయ్యి మెత్తన. నేను వదినె ఇంట్లో అడిగిన ప్రశ్నలే అడిగింది, సిగ్గుపడకుండా ఇంకా నాలుగు ఎక్కువ అడిగింది. బల్ల మీద పడుకోబెట్టి దీపం పెట్టి చూసింది. వదినె నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు నొక్కుకుని అచ్చు పడింది.

"గర్భసంచి మూతి మీద పుండులాగ ఉంది. ముట్టుకుంటే రక్తం వస్తోంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతున్నా" అంది.

"సంచికి మూతి గూడ ఉంటదా?" అని వదినె అడిగింది.

యాభై మూడేళ్లు తన ఒంట్లో మోసినదాని గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదు. జువాలజీ లెక్చరర్ ఆ ఇంటికి కోడలై వచ్చి ఇరవై ఏళ్లయింది.

"ఉంటదమ్మా. ముట్టు నిలిచి ఏడాది దాటినాక ఒక్క చుక్క కనిపించినా అది ముట్టు కాదు. వెంటనే చూపించుకోవాలె. నెల మధ్యలో వచ్చినా, మొగుడితో కలిసినప్పుడు వచ్చినా, వాసనతో తెల్లబట్ట అయినా అంతే. ప్రతిసారీ క్యాన్సరే కాకపోవచ్చు. కానీ చూస్తేనే తెలిసేది."

"మా ఆర్‌ఎంపీ సంచి తీపియ్యమన్నడు."

"చూడకుండ తీస్తే, లోపల అదే ఉంటే సగం పనే అయితది. తర్వాత చేసే వైద్యం చిక్కుల్లో పడతది. చెప్పండి ఆయనకు." తర్వాత నా వైపు తిరిగింది. "మీరు చేయించుకున్నరా ఎప్పుడన్నా?"

"నాకేం లేదు కదా" అన్నాను.

"మొదట్లో ఎవరికీ ఏం ఉండదు. ఏమీ లేనప్పుడే చేయించుకోవాలె. ముప్పై దాటినోళ్లందరూ. చదువుకున్నోళ్లలాగ ఉన్నరు."

ఆ చివరి మాట నాకు సూదిలా దిగింది. వదినె ఆ స్థితిలో కూడా కిసుక్కున నవ్వింది. నన్ను ఇంకొకరు తిట్టడం ఆమె మొదటిసారి వింటోంది. ఆ రోజు నాకు కూడా దూదితో తుడిచినట్టు తుడిచి పరీక్షకు పంపారు. కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది. ఇన్నేళ్లు భయపడింది దీనికా అనిపించింది.

లేచేముందు వదినె అసలు భయం బయటపెట్టింది. "డాక్టరమ్మా, గిది ఎట్ల వస్తది?"

"వైరస్. సంసారంలో ఒకరి నుంచి ఒకరికి వస్తది."

వదినె లేచి నిలబడింది. "నా మొగడు పోయి పదేండ్లు. నేను గసొంటిదాన్ని కాదు."

"ఎవరన్నరమ్మా? సంసారం చేసినోళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతది. ఎక్కువమందికి దానంతటదే పోతది. కొందరిలో ఏండ్లకేండ్లు లోపల్నే కూర్చుని గిట్ల చేస్తది. మీ పెండ్లయిన కొత్తల వచ్చిందేమో కూడా. ఇది రోగం చీటీ. మీ గుణం చీటీ కాదు."

ముక్క పరీక్ష జవాబు వచ్చేదాకా ఎన్ని రోజులు గడిచాయో నాకు గుర్తులేదు గానీ, ఆ రోజుల్లో వదినె నన్ను ఒక్కసారి కూడా తిట్టలేదు. అంతకంటే భయపెట్టే లక్షణం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. నాకేమీ లేదని వచ్చింది. ఆమెకు క్యాన్సర్ అని వచ్చింది.

ఇక ఇంట్లో చెప్పక తప్పలేదు. మా ఆయన దవడ పట్టుకుని, "ఎట్లొచ్చింది అక్కకు?" అన్నాడు. డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. మొగుళ్ల వాటా గురించి కూడా. మరునాడు పొద్దున్నే వెళ్లి పన్ను పీకించుకుని వచ్చాడు. తెలంగాణ ఇంకా రాలేదు.

హైదరాబాద్‌లో స్కానింగులు చేసి, చుట్టుపక్కలకు కొంచెం పాకింది గానీ దూరం పోలేదన్నారు. ఆపరేషన్ కాదు, కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌కు మా జనం పెట్టుకున్న పేరు అది. వారానికి ఐదు రోజులు కరెంటు, మధ్యలో మందు ఎక్కించడం, చివర్లో లోపలినుంచి పెట్టే వైద్యం. కూతురు భూపాలపల్లి నుంచి వచ్చి తల్లి దగ్గర ఉంది. అల్లుడు సమ్మెలో ఉన్నాడు కాబట్టి పిల్లలకు అన్నం వండిపెట్టే అవకాశం ఆయనకు జీవితంలో మొదటిసారి దొరికింది. క్వార్టర్ల వాళ్లు అడిగితే ఏం చెప్పావని వదినె కూతుర్ని అడిగింది.

"అమ్మకు గ్యాసని చెప్పిన."

"గ్యాసా?" వాంతులతో లేవలేని మనిషి మోచేతి మీద లేచింది. "నీ తండ్రి బాయిల గ్యాసుల దిగి బతికిండు, నువ్వు గ్యాసని చెప్తవా? ఫోన్ కొట్టు. ఒక్కొక్కదానికి కొట్టు. అమ్మకు క్యాన్సరు, ముట్టు నిలిచినంక రక్తమైంది, మీకేమన్న అయితుందా అని అడుగు."

కూతురు ఏడుస్తూ ఫోన్లు చేసింది. నేను పక్క మంచం మీద కూర్చుని విన్నాను. ఐదో ఫోనుకు ఏడుపు ఆగింది. ఆరో ఫోనులో అవతలి మనిషి ఏదో అడిగింది. కూతురు గొంతు తగ్గించి, "ఎన్ని రోజుల సంది?" అంది.

వైద్యం అయ్యాక, చిక్కిపోయి, నల్లబడి వదినె జనగామకు తిరిగొచ్చింది. పుండు మానిందన్నారు. కానీ చెప్పిన తేదీలకు వచ్చి చూపించుకుంటూ ఉండాలని, ఐదేళ్లు చూస్తేగాని మాట ఇవ్వలేమని డాక్టర్లు చెప్పారు. మాట ఇవ్వకుండా తిప్పించుకోవడం మాకు ఢిల్లీవాళ్ల దగ్గర అలవాటైపోయింది గనుక మేం పెద్దగా బాధపడలేదు.

టెంటు అలాగే ఉంది. తన వంతు రోజున వదినె వచ్చి దండ వేసుకుని దీపం పక్కనే కూర్చుంది. నా చేతిలోంచి నోటుబుక్కు లాక్కుంది. పేజీలు తిప్పుతూ ఒక దగ్గర ఆగింది.

"ఇగో, గీమె దూరమని పదిహేను దినాల కింద రాసినవ్. మళ్ల గియ్యాల రాసినవ్. ఏడున్నది?"

ఆమె టెంటు బయట, దీపానికి దూరంగా, కబురు చెప్పి పోదామని నిలబడి ఉంది. మా సందులో కిరాణం నడిపే మనిషి. నలభై రెండేళ్లుంటాయి.

"లోపలికి రా" అంది వదినె.

"దూరమున్న అక్కా."

"రా అంటున్న. దీపం ఏం ఆరిపోదు. ఆరితే నేను ముట్టిస్త. కూసో. ఎన్ని దినాల సంది అయితుంది? గడ్డలు పడుతున్నయా? వాసనొస్తున్నదా? మీ ఆయనతోటి ఉన్నప్పుడు గూడ అయితుందా?"

ఆ గొంతుకు మైకు అక్కర్లేదని ముందే చెప్పాను. పక్క టెంటులో నిరాహార దీక్షలో ఉన్న మగవాళ్లు నలుగురు టీ తాగడానికి లేచారు. అందులో ముందు లేచింది ఆర్‌ఎంపీ.

కిరాణం ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో ప్రశ్నకో మూడో ప్రశ్నకో తల ఊపింది. తండా మనిషి ఆ రోజు కూడా కూరల గంపతో అక్కడే ఉంది. గంప పక్కన పెట్టి ఆమెకు ఇంకోవైపు వచ్చి కూర్చుంది.

"రేపు పొద్దుగాల బండికి మహబూబాబాద్ పోదాం" అంది వదినె. "మా మరదలు గూడ వస్తది. మనిషికి పనేం లేదు."

"ఇప్పుడెందుకు అక్కా? దుకాణం ఉన్నది. తెలంగాణ వచ్చినంక..."

వదినె నోటుబుక్కు మూసి నా ఒళ్లో పడేసింది.

"వస్తది. నువ్వు ముందు చెప్పులేసుకో."